ఏడు నెలల పాపకు, మూడేళ్ళ బాబుకు ఏమి తాగించవచ్చు? ఏమి తాగించకూడదు?

ప్రశ్న: గునుపూర్ నుంచి ఒక తల్లి

మేము ఒడిశాలో రాయగడ జిల్లా గునుపూర్‌లో ఉంటున్నాము. మాకు మూడేళ్ళు నిండిన బాబు, ఏడు నెలల పాప ఉన్నారు. ఆరు నెలలు నిండేవరకు పాపకు నా పాలు తప్ప మరేదీ పట్టలేదు. ఇప్పుడు మెత్తగా మెదిపిన అన్నం, పప్పు, చోడి జావ మొదలుపెట్టాము. తిండి విషయంలో మా ఇంట్లో పేచీ లేదు గాని, తాగేవాటి దగ్గరికి వచ్చేసరికి ఎవరి మాట వారిదిగా ఉంది.

పాలకొండ నుంచి వచ్చిన మా అత్తయ్యగారు ఆవుపాలలో సగానికి సగం నీళ్ళు కలిపి పాపకు పట్టమంటున్నారు. చిన్నప్పుడు మా ఆయనకు అలాగే పట్టారట. పక్కింటి ఒడియా అక్క, ఎండాకాలంలో తరవాణి తేట, అంటే అన్నం రాత్రంతా నానిన నీళ్ళు, నాలుగు చెంచాలు పోస్తే పిల్లకు వేడి చేయదని చెబుతున్నారు. మా ఆయన బజారు నుంచి వచ్చేటప్పుడు బాబు కోసం పండ్లరసం డబ్బాలు తెస్తున్నారు. అవి తాగిన రోజు వాడు అన్నం ముట్టడం లేదు. పైగా ఉదయం తాతగారితో పాటు గ్లాసుడు టీలో రస్కు ముంచుకుని తినడం వాడికి అలవాటయింది. మొన్న వీధిలోకి గాడిదపాలు అమ్మేవారు వచ్చినప్పుడు, పాపకు ఒక్క ఉగ్గుగిన్నెడు పట్టిస్తే దగ్గు, ఆయాసం జీవితంలో రావని ఇంట్లో పెద్దలందరూ ఒకే మాటగా పట్టుబట్టారు. నేను ఒప్పుకోలేదు, కాని ఎందుకు వద్దో వారికి సరిగా చెప్పలేకపోయాను.

ఇంకొక సంగతి కూడా ఉంది. రెండు నెలల తరువాత నేను మళ్ళీ బడిలో పనికి వెళ్ళాలి. ఉదయం పది నుంచి సాయంత్రం నాలుగు వరకు పాప అత్తయ్యగారి దగ్గర ఉంటుంది. ఆ వేళల్లో ఏమి పట్టాలి, దేనితో పట్టాలి? మంచినీళ్ళు ఎన్ని పట్టవచ్చు? విరేచనాలు పట్టుకుంటే ఇంట్లో ఏది సిద్ధంగా ఉంచుకోవాలి? మా వైపు బోరునీళ్ళ మీద అనుమానం ఉన్న సంగతి మీలో చాలామందికి తెలిసినదే. కారణంతో సహా వివరంగా చెప్పగలిగితే ఇంట్లో పెద్దలకు చదివి వినిపిస్తాను.

జవాబు: పర్లాకిమిడి నుంచి, పదవీ విరమణ చేసిన నర్సు

చెల్లెమ్మా, ఆరు నెలలు తల్లిపాలే పట్టారు కనుక సగం పని మీరు ముందే చేసేశారు. ఇకముందు కూడా ఏడాది నిండేవరకు పాపకు ముఖ్యమైన పానీయం మీ పాలే. రెండేళ్ళ వరకు, ఆ పైన ఇద్దరికీ ఇష్టమున్నంత కాలం ఇవ్వవచ్చు. మొదటి ఆరు నెలల్లో నడివేసవిలో కూడా నీళ్ళు అవసరం లేదని ఎందుకు చెబుతామంటే, తల్లిపాలలో నూటికి సుమారు 87 పాళ్ళు నీరే ఉంటుంది. ఆ వయసులో నీళ్ళు పడితే పాలు తాగడం తగ్గిపోతుంది, నీళ్ళలోని క్రిములు కడుపులోకి చేరతాయి, మరీ ఎక్కువ పడితే రక్తంలో ఉప్పు పలచబడి ఫిట్స్ కూడా రావచ్చు. ఇది చదివే వారిలో ఇంకా చిన్న పిల్లలున్నవారు ఉంటారు కనుక చెబుతున్నాను: వాము నీళ్ళు, పటికబెల్లం నీళ్ళు, గ్రైప్ వాటర్, వసకొమ్ము అరగదీసిన నీళ్ళు, ఇవేవీ ఆరు నెలల లోపు బిడ్డకు పట్టనక్కరలేదు. తేనె మాత్రం ఏడాది నిండేవరకు నాలుకకు రాయడం కూడా వద్దు. అందులో ఉండగల ఒక రకం క్రిమి పసిపిల్లల పేగులో పెరిగి నరాలను చచ్చుబడేటట్లు చేసే విషాన్ని పుట్టిస్తుంది.

మీ పాపకు ఇప్పుడు ఏడు నెలలు కనుక అన్నం తిన్న తరువాత కాచి చల్లార్చిన నీళ్ళు నాలుగు గుక్కలు పట్టవచ్చు. ఏడాది లోపు పిల్లలకు రోజు మొత్తం మీద 120 నుంచి 240 మిల్లీలీటర్లు చాలు. తినడానికి ముందు పడితే కడుపు నిండి తిండి తగ్గుతుంది, అందుకని తరువాతే పట్టండి. పసిపిల్లల పొట్ట ఒక్కసారికి కిలో బరువుకు సుమారు 30 మిల్లీలీటర్లే పడుతుంది. ఏడు కిలోల పాప అనుకుంటే 210 మిల్లీలీటర్లు, అంటే ఒక చిన్న గ్లాసు. ఏది తాగించాలన్నా, ఆ గ్లాసులో అది దేని చోటు ఆక్రమిస్తుందో చూసుకోవాలి. మీ అత్తయ్యగారికి ఈ లెక్క చెబితే తప్పక అర్థమవుతుంది, ఎందుకంటే ఆవిడ కోరేది కూడా బిడ్డ పుష్టిగా ఎదగాలనే.

సగం నీళ్ళు కలిపిన ఆవుపాలు ఆ చోటును నింపుతాయి గాని బలం సగమే ఇస్తాయి. నీళ్ళు కలపని ఆవుపాలతోనూ ఈ వయసులో ఇబ్బంది ఉంది. ఆవుపాలలో ఇనుము చాలా తక్కువ, పైగా తిండిలోని ఇనుము ఒంటికి పట్టకుండా అవి అడ్డుపడతాయి. కొందరు పసిపిల్లల్లో పేగు గోడల నుంచి కంటికి కనబడనంత రక్తం కొద్దికొద్దిగా పోయేలా కూడా చేస్తాయి. అందులోని మాంసకృత్తులు, లవణాలు పసి మూత్రపిండాలకు బరువు. పుట్టినప్పుడు బిడ్డ ఒంట్లో ఉన్న ఇనుము నిల్వ సరిగ్గా ఆరు నెలల ప్రాంతంలోనే తరిగిపోతుంది. కనుక ఏడాది నిండేవరకు ఆవుపాలను ముఖ్య పానీయంగా పెట్టకండి. జావలో ఒక చెంచా కలిపినా, మెత్తని పెరుగన్నం పెట్టినా భయం లేదు. మీ ఆశా దీదీ దగ్గర ఆరు నెలల నుంచి ఐదేళ్ళ లోపు పిల్లలకు ఇచ్చే ఇనుము సిరప్ ఉంటుంది. వారానికి రెండుసార్లు, ఒక్కొక్కసారి ఒక మిల్లీలీటరు చొప్పున అది పోయించడం మరవకండి.

మేకపాలు పలుచన కనుక పసిపిల్లలకు మంచివని మన ఊళ్ళలో అంటారు. వాటిలో ఫోలేటు అనే విటమిను చాలా తక్కువ. వాటి మీదే పెంచిన పిల్లలకు ఒక రకం రక్తహీనత వస్తుంది. గాడిదపాల విషయంలో మీరు ఒప్పుకోకపోవడమే సరైన పని. ఉబ్బసాన్ని అవి ఆపుతాయనడానికి ఆధారం లేదు. వీధిలో పితికి, కాచకుండా, అదే గిన్నెతో పది మంది పిల్లలకు పట్టే పాలు ఏ జంతువువైనా ప్రమాదమే. పచ్చిపాల ద్వారా క్షయ, బ్రూసెల్లా జ్వరం వంటివి వస్తాయి. దగ్గు, ఆయాసం గురించి పెద్దలకు బెంగ ఉంటే టీకాలన్నీ వేళకు పడ్డాయో లేదో కార్డు తీసి చూడమనండి.

మూడేళ్ళ బాబుకు ఆవుపాలు, గేదెపాలు నిశ్చింతగా ఇవ్వవచ్చు. అయితే రోజుకు అరలీటరు దాటకూడదు. దాటిన పిల్లలు తెల్లగా, బొద్దుగా కనిపిస్తారు గాని పరీక్ష చేస్తే రక్తం తక్కువగా ఉంటుంది. ప్యాకెట్ పాలు కొనేవారు కవరు మీద కొవ్వు శాతం చదవండి. టోన్డ్ పాలలో 3 శాతం, డబుల్ టోన్డ్‌లో 1.5 శాతం కొవ్వు ఉంటుంది. రెండేళ్ళ లోపు పిల్లలకు డబుల్ టోన్డ్ వద్దు. విడిపాలు పొంగేవరకు కాచి తీరాలి.

జవాబు: రాయగడ నుంచి ఇద్దరు పిల్లల తల్లి

నర్సమ్మగారు చెప్పినదంతా సరే. మన ప్రాంతంలో దొరికే పానీయాల గురించి నాకు తెలిసినది కలుపుతాను, ఎందుకంటే హైదరాబాదులోనో విశాఖలోనో ఉన్నవారు రాసే సలహాలలో ఇవి కనిపించవు.

తరవాణి మనకూ ఉంది, ఒడియావారి పఖాళంలో, అంటే నీళ్ళలో నానబెట్టిన అన్నంలో, తోరాణి అని వారికీ ఉంది. పెద్దవారికి ఎండలో అది ఎంతో హాయి, అందులో సందేహం లేదు. కాని రాత్రంతా నానిన ఆ నీళ్ళు ఏ కుండలోవి, ఏ చేయి పడినవి అన్నది పసిపిల్లల విషయంలో పెద్ద ప్రశ్న. ఉప్పు కూడా వేసి ఉంటుంది, ఏడాది లోపు బిడ్డకు ఉప్పు వేరుగా అక్కరలేదు. అందులో బలం కూడా తక్కువే. మూడేళ్ళ బాబు అన్నంతో పాటు నాలుగు చెంచాలు తాగితే ఫరవాలేదు, పాపకు మాత్రం వద్దని పక్కింటి అక్కకు మెల్లగా చెప్పండి.

మండియా పేజ్, అంటే మన చోడి అంబలి, వేరే సంగతి. 2017లో ఒడిశా ప్రభుత్వం మిల్లెట్స్ మిషన్ మొదలుపెట్టిన తరువాత మన జిల్లాలలో చోళ్ళకు మళ్ళీ మర్యాద పెరిగింది, అది నాకు చాలా సంతోషం. చోళ్ళలో సున్నం, అంటే కాల్షియం, పుష్కలంగా ఉంటుంది. మూడేళ్ళ పిల్లవాడికి మధ్యాహ్నం ఎండలో ఇవ్వడానికి, ఉదయం శుభ్రంగా కాచి అదే రోజు వాడే పలుచని అంబలిని మించినది అంగడిలో ఏదీ లేదని నా గట్టి అభిప్రాయం. దానిలో చిక్కని మజ్జిగ కలిపితే ఇంకా మంచిది.

చైత్రంలో పణా సంక్రాంతి వస్తుంది. ఏప్రిల్ 14 ప్రాంతంలో ఇంటింటా మారేడు గుజ్జుతో పణా చేస్తారు, అందులో అరటిపండు, ఛెనా అనే విరిగిన పాల ముద్ద, కొబ్బరి, బెల్లం వేస్తారు. పండుగ నాడు ఇరుగుపొరుగు ఇచ్చినది పిల్లవాడు నాలుగు గుక్కలు తాగితే తప్పు లేదు, పండుగలో పాలు పంచుకోవడం వాడికీ అవసరమే. రోడ్డు పక్క డ్రమ్ముల్లో అమ్మే పణా, అందులో వేసే ఐసుగడ్డ మాత్రం వద్దు. ఆ ఐసు ఏ నీటితో చేసినదో అమ్మేవారికి కూడా తెలియదు.

చెప్పక తప్పని మాట ఇంకొకటి ఉంది. మన కొండ ఊళ్ళలో సలప, అంటే జీలుగు కల్లు, అప్పుడే దించినది తియ్యగా ఉంటుందని పిల్లల నోట్లో కూడా ఒక గుక్క పోస్తారు. చెట్టు మీద కుండలోనే అది పులవడం మొదలవుతుంది, తియ్యగా ఉన్నప్పుడు కూడా అందులో మత్తు ఉంటుంది. చిన్నపిల్లల ఒంట్లో అది చక్కెరను ఒక్కసారిగా పడిపోయేలా చేయగలదు. ఈతకల్లు, తాటికల్లు అన్నీ ఇంతే. ఆచారమని, సరదా అని ఎవరు చెప్పినా ఇందులో సర్దుబాటు ఉండకూడదు.

జవాబు: బరంపురం నుంచి పిల్లల వైద్యుడు

అమ్మా, ఆవుపాల గురించి నర్సుగారు చెప్పినదానికి ఒక చేర్పు అవసరం. తల్లి లేని బిడ్డ, తల్లికి పాలు పూర్తిగా ఆగిపోయిన బిడ్డ ఉన్న ఇళ్ళవారు ఆ మాట చదివి దిగులు పడతారేమోనని ఇది రాస్తున్నాను. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో ఇచ్చిన మార్గదర్శకాలలో, తల్లిపాలు అందని 6 నుంచి 11 నెలల పిల్లలకు డబ్బాపాలు గాని, జంతువుల పాలు గాని ఇవ్వవచ్చని ఉంది. అమెరికా పిల్లల వైద్యుల సంఘం ఏడాది లోపు ఆవుపాలు వద్దనే చెబుతుంది. డబ్బాపాలు కొనే స్తోమత లేని ఇంట్లో నీళ్ళు కలపని, కాచిన ఆవుపాలతో పాటు ఇనుము సిరప్, గుడ్డు, పప్పు, చేప సరిగా అందిస్తే బిడ్డ పెరుగుతుంది. నీళ్ళు కలిపి పొదుపు చేసిన డబ్బాపాలకంటే అది నయం. డబ్బాపాలు వాడేవారు డబ్బా మీద రాసిన కొలతకు ఒక్క చెంచా తగ్గించకూడదు, పెంచకూడదు. ఆ పొడి క్రిమిరహితమైనది కాదు కనుక 70 డిగ్రీలకు తగ్గని వేడినీటిలో కలిపి, చల్లార్చి, రెండు గంటల లోపు తాగించి, మిగిలినది పారబోయాలి.

డబ్బాపాలు, పాలసీసాల ప్రచారాన్ని మన దేశంలో 1992 నాటి చట్టం నిషేధించింది, 2003లో దానిని ఇంకా కట్టుదిట్టం చేశారు. కనుక ఎవరైనా మీ చేతికి ఊరికే పాలపొడి నమూనా డబ్బా ఇస్తే అది చట్టవిరుద్ధమని గుర్తించండి.

విరేచనాల సంగతికి వస్తాను, ఎందుకంటే మన జిల్లాలలో పిల్లల ప్రాణం మీదికి వచ్చేది ఇక్కడే. రాయగడ జిల్లా కాశీపూర్ ప్రాంతంలో 2007లోనూ, మళ్ళీ 2022లోనూ కలరా వ్యాపించి మనుషులు చనిపోయారు. నీళ్ళు గలగలా మరిగేవరకు కాచి, మూత పెట్టి చల్లార్చి, చేయి ముంచనవసరం లేని పాత్రలో, కుళాయి ఉన్న స్టీలు డ్రమ్ములోనో, పొడుగు పిడి గరిటెతో తీసుకునే బిందెలోనో ఉంచండి. కాచిన నీటిని చెంబు ముంచి తీసుకుంటే కాచిన ఫలం పోతుంది. కాచడం వల్ల క్రిములు చస్తాయి గాని ఫ్లోరైడు, ఇనుము, నైట్రేటు పోవు. బోరు నీటిలో అవి ఉన్నాయన్న అనుమానం ఉంటే నీటి పరీక్ష చేయించాలి. రోటావైరస్ టీకాను 2016లో మన దేశంలో మొదట ప్రవేశపెట్టిన నాలుగు రాష్ట్రాలలో ఒడిశా, ఆంధ్రప్రదేశ్ రెండూ ఉన్నాయి. అది పాప కార్డులో పడిందో లేదో చూడండి.

ఇంట్లో ఉంచుకోవలసినది ఓఆర్‌ఎస్ పొడి ప్యాకెట్లు. ఆశా దీదీ దగ్గర, ఆసుపత్రిలో ఉచితంగా దొరుకుతాయి. లీటరు నీటికి కలిపే ప్యాకెట్టులో 20.5 గ్రాముల పొడి ఉంటుంది, అందులో 13.5 గ్రాములు గ్లూకోజు, 2.6 గ్రాములు ఉప్పు, మిగిలినవి పొటాషియం, సిట్రేటు లవణాలు. పేగులో గ్లూకోజు, ఉప్పు సరైన పాళ్ళలో కలిసి ఉన్నప్పుడు రెండూ జంటగా ఒంట్లోకి ఇంకుతూ నీటిని వెంట లాక్కుపోతాయి; ఈ మందులో ఉన్న మహిమ అంతా ఆ పాళ్ళలోనే ఉంది. అందుకే ప్యాకెట్టును కొంచెం కొంచెం గ్లాసులో వేసి కలపకూడదు. మొత్తం పొడిని ఒక్కసారే పూర్తి లీటరు కాచి చల్లార్చిన నీటిలో కలపాలి, 24 గంటలు దాటితే పారబోయాలి. 200 మిల్లీలీటర్లకు సరిపడే చిన్న ప్యాకెట్లు కూడా అంగడిలో ఉన్నాయి, కనుక కొలత చదివి కలపండి.

పండ్లరసం రుచితో, అట్టపెట్టెల్లో, ఓఆర్‌ఎస్ అన్న పేరు పెద్ద అక్షరాలతో వేసుకుని అమ్మిన తియ్యని పానీయాలు వేరు. వాటిలో చక్కెర అసలు ఓఆర్‌ఎస్‌కు అనేక రెట్లు ఉంటుంది. అంత చక్కెర పేగులోకి వెళితే ఒంట్లోని నీటిని తనవైపు లాగి విరేచనాలను ఇంకా పెంచుతుంది. హైదరాబాదుకు చెందిన పిల్లల వైద్యురాలు డాక్టర్ శివరంజని సంతోష్ ఏళ్ళ తరబడి పోరాడిన తరువాత, ప్రపంచ ఆరోగ్య సంస్థ సూత్రం ప్రకారం చేయని పానీయాలకు ఓఆర్‌ఎస్ అన్న పేరు వాడరాదని ఆహార భద్రతా సంస్థ 2025 అక్టోబరులో ఆదేశించింది. ఒక తెలుగు వైద్యురాలు ఒంటరిగా మొదలుపెట్టి సాధించిన ఈ పని వల్ల దేశంలోని తల్లులందరికీ మేలు జరిగిందని నేను మనసారా నమ్ముతున్నాను. మీ దుకాణంలో పాత సరుకు ఉండవచ్చు కనుక పొడి ప్యాకెట్టే అడిగి తీసుకోండి.

రెండేళ్ళ లోపు పిల్లలకు ప్రతి విరేచనం తరువాత 50 నుంచి 100 మిల్లీలీటర్లు, అంతకు పెద్దవారికి 100 నుంచి 200 మిల్లీలీటర్లు, చెంచాతో మెల్లగా పట్టాలి. వాంతి చేసుకుంటే పది నిమిషాలు ఆగి, ఇంకా మెల్లగా మళ్ళీ మొదలుపెట్టాలి. తల్లిపాలు, అన్నం ఆపకూడదు. ఆరు నెలలు దాటిన పిల్లలకు రోజుకు 20 మిల్లీగ్రాముల జింకు 14 రోజులు ఇవ్వాలి, విరేచనాలు రెండు రోజుల్లో కట్టినా మానకూడదు. కొబ్బరినీళ్ళు, గంజి, మజ్జిగ ఆ రోజుల్లో అదనంగా ఇవ్వవచ్చు గాని, కొబ్బరినీటిలో పొటాషియం ఎక్కువ, సోడియం తక్కువ కనుక అవి ఓఆర్‌ఎస్ స్థానంలో నిలబడవు. బిడ్డ మగతగా ఉన్నా, కళ్ళు లోతుకు పోయినా, తాగలేకపోయినా, ఆరు గంటలుగా మూత్రం పోయకపోయినా, మలంలో రక్తం కనిపించినా ఇంటి వైద్యం కట్టిపెట్టి వెంటనే 108కి ఫోన్ చేసి ఆసుపత్రికి తీసుకువెళ్ళండి.

జవాబు: గజపతి జిల్లా నుంచి అంగన్‌వాడీ కార్యకర్త

మన తెలుగు ఇళ్ళలో ఆడవారు ఒడియా చక్కగా మాట్లాడతారు గాని చాలామందికి ఆ లిపి చదవడం రాదు. తల్లీబిడ్డల ఆరోగ్య వివరాలు రాసే మమతా కార్డు మీద, ప్యాకెట్ల మీద ఉన్న కొలతలు ఒడియాలోనో ఇంగ్లీషులోనో ఉంటాయి. అడగడానికి మొహమాటపడి ఊహతో కలిపేవారిని నేను చూస్తూనే ఉంటాను. నెలనెలా ఊళ్ళో తల్లీబిడ్డల ఆరోగ్యం కోసం జరిగే మమతా దివస్ నాడు ఆశా దీదీ చేతనో నావంటివారి చేతనో చదివించుకుని, ఇంట్లో ఉన్న సీసానో చెంబునో తెచ్చి లీటరు ఎంతవరకు వస్తుందో గుర్తు పెట్టించుకోండి. ఇందులో చిన్నతనం ఏమీ లేదు.

మేము అంగన్‌వాడీలో ఇచ్చే ఛతువా పిండిలో గోధుమ, శనగ, వేరుశనగ, చక్కెర ఉంటాయి. దానిని నీళ్ళలా కలిపి పాలసీసాలో పోసి తాగించే ఇళ్ళున్నాయి. అలా చేయడం వల్ల బిడ్డకు పొట్ట నిండుతుంది గాని బరువు పెరగదు. జావ ఏదైనా చెంచా వంచితే జారిపోకుండా నిలిచేంత చిక్కగా ఉండాలి. మరీ గట్టిపడి పాప మింగలేకపోతే నీళ్ళు పోయకండి, మొలకెత్తించి ఎండబెట్టి దోరగా వేయించిన చోళ్ళ పిండి ఒక చెంచా వేసి కలపండి. మొలకలో పుట్టే ఒక రసాయనం పిండిపదార్థాన్ని విడగొట్టి, నీళ్ళు కలపకుండానే జావను పలచబరుస్తుంది. మన అమ్మమ్మలు మొలకచోళ్ళతో జావ కాచడంలో ఇంత తెలివి ఉంది.

పాలసీసా విషయంలో నేను గట్టిగానే చెబుతాను. రబ్బరు పీకలో, సీసా మూలల్లో పాలు ఎండి అంటుకుంటే ఎంత కడిగినా పోవు. పీకకు అలవాటుపడిన బిడ్డ రొమ్ము సరిగా పట్టకపోవడమూ ఉంది. సీసా నోట్లో పెట్టుకునే నిద్రపోయే పిల్లలకు ముందుపళ్ళు పుచ్చిపోతాయి. మన ఇళ్ళలో ఉగ్గుగిన్నె ఉండనే ఉంది, అది లేకపోతే చిన్న స్టీలు గ్లాసు చాలు. తొమ్మిది నెలల పిల్ల కూర్చుని గ్లాసు అంచు నుంచి తాగడం నేర్చుకోగలదు.

మళ్ళీ గునుపూర్ నుంచి ఆ తల్లి

అందరికీ నా నమస్కారాలు. నిన్న రాత్రి మీ జవాబులు ఇంట్లో చదివి వినిపించాను. సగం నీళ్ళు కలిపితే బలం కూడా సగమేనన్న మాట అత్తయ్యగారు రెండుసార్లు చదివించుకున్నారు. ఇక రెండు విషయాలు మిగిలాయి. బడికి వెళ్ళే వేళల్లో నా పాలు తీసి ఉంచితే మన ఎండలకు ఎంతసేపు నిలుస్తాయి? బాబు టీ, పండ్లరసం డబ్బా ఎలా మాన్పించాలి? మా ఆయన, అది పండే కదా, మంచిదే కదా అంటున్నారు.

జవాబు: పర్లాకిమిడి నుంచి, పదవీ విరమణ చేసిన నర్సు

చెల్లెమ్మా, మొదట టీ సంగతి. టీలోని వగరు పదార్థం తిండిలోని ఇనుమును పట్టుకుని ఒంటికి చేరనివ్వదు. అందులోని కెఫీన్ పిల్లల నిద్రను చెడగొడుతుంది. భారతీయ పిల్లల వైద్యుల సంఘం ఐదేళ్ళ లోపు పిల్లలకు టీ, కాఫీ వద్దనే చెప్పింది, మన కోరాపుట్ కొండల కాఫీ అయినా అదే మాట. వాడికి కావలసినది టీకంటే కూడా తాతగారి పక్కన కూర్చోవడం. అదే గ్లాసులో, అదే వేళకు, చక్కెర వేయని గోరువెచ్చని పాలు పోసి, రస్కు బదులు ఇడ్లీ ముక్కో అరటిపండో చేతికివ్వండి. తాతగారు కూడా నాలుగు రోజులు వాడి ఎదుట పాలే తాగితే పని తేలికవుతుంది.

పండ్లరసం గురించి మీ ఆయనగారి చేత డబ్బా వెనుక భాగం చదివించండి. 100 మిల్లీలీటర్లకు 12 గ్రాముల చక్కెర అని ఉంటే, 200 మిల్లీలీటర్ల డబ్బాలో 24 గ్రాములు, అంటే ఐదారు చెంచాలు. పండులో ఉండే పీచు అందులో ఉండదు, నమలడం ఉండదు, ఆకలి చచ్చిపోతుంది. అది తాగిన రోజు వాడు అన్నం ముట్టడం లేదని మీరే రాశారు. రెండేళ్ళ లోపు పిల్లలకు ఇంట్లో పిండిన రసం కూడా వద్దని, రెండు నుంచి ఐదేళ్ళ వారికి పండు దొరకనప్పుడు మాత్రమే, రోజుకు 125 మిల్లీలీటర్లు మించకుండా తాజా రసం ఇవ్వవచ్చని అదే సంఘం 2019లో చెప్పింది. డబ్బా డబ్బుకు నాలుగు జామకాయలు వస్తాయి. శీతల పానీయాలు, రంగునీళ్ళు, ఎనర్జీ డ్రింకులు ఇంటికి తేవద్దు. పాలలో కలిపే చాక్లెట్ పొడులను ఆరోగ్య పానీయాలన్న పేరు కింద పెట్టి అమ్మరాదని 2024 ఏప్రిల్‌లో కేంద్రం ఆన్‌లైన్ అంగళ్ళకు చెప్పింది. వాటిలో చక్కెర ఎంత ఉందో చూసి మీరే నిర్ణయించుకోండి.

మీ పాలు తీసి ఉంచడానికి మూత ఉన్న స్టీలు గిన్నె మరిగే నీళ్ళలో ఉడికించి వాడండి. చేతులు సబ్బుతో కడుక్కుని చేత్తోనే పిండవచ్చు, మిషను తప్పనిసరి కాదు. గది వేడి 25 డిగ్రీలు దాటకపోతే నాలుగు గంటలు నిలుస్తాయి. మన వేసవిలో గది అంత చల్లగా ఉండదు కనుక తీసిన వెంటనే ఫ్రిజ్‌లో లోపలివైపు పెట్టండి. అక్కడ నాలుగు రోజుల వరకు ఉంటాయి. తలుపు అరలో పెట్టవద్దు. పట్టే ముందు ఆ గిన్నెను వేడినీళ్ళలో నిలబెట్టి గోరువెచ్చగా చేయాలి, పొయ్యి మీద కాచకూడదు. పాప తాగి మిగిల్చిన పాలు మళ్ళీ దాచకూడదు. కరెంటు ఎక్కువసేపు పోయే రోజుల్లో పాలు ఆ పూటకు సరిపడా మాత్రమే తీయండి.

తొమ్మిది నెలలకు పాప రోజుకు మూడు నాలుగు సార్లు తింటుంది కనుక మీరు లేని ఆరు గంటల్లో రెండుసార్లు చిక్కని తిండి, రెండుసార్లు మీ పాలు, తిన్న తరువాత కొద్దిగా నీళ్ళు సరిపోతాయి. ఉదయం వెళ్ళే ముందు, సాయంత్రం రాగానే, రాత్రి నేరుగా పాలివ్వండి. రాత్రి ఇచ్చే పాల వల్లనే పాలు తగ్గకుండా ఉంటాయి. బడి మొదలయ్యే రోజు వరకు ఆగకుండా, రెండు వారాల ముందు నుంచే అత్తయ్యగారి చేత గ్లాసుతో పట్టించండి. మొదట్లో మీరు ఎదురుగా ఉంటే పాప గ్లాసు ముట్టదు, కాబట్టి ఆ సమయానికి మీరు వేరే గదిలో ఉండండి.